జీవన్ కుమార్ ఇంట్లో నెట్ పోయిన శుక్రవారం

జమ్మలమడుగు జీవన్ కుమార్ పుట్టినప్పుడు ఏడవలేదు. మంత్రసాని కాళ్లు పట్టుకుని తలకిందులు చేసి వీపు మీద ఒక్కటిచ్చేసరికి కీ... కుయ్... గర్ర్... కీచ్ అని కూత పెట్టినాడు. ఫోను తీగ మీద కంప్యూటరు ఇంటర్నెట్‌కు కలిసేటప్పుడు వచ్చే కూత అది. అప్పటికి జమ్మలమడుగులో కంప్యూటరు చూసినోడు కాదు కదా, దాని పేరు విన్నోడు కూడా లేడు. బిడ్డకు గాలి సోకిందని మంత్రసాని ఉప్పు దిగదీసింది. వాళ్ల నాయన పాస్టరయ్యను పిలుచుకొచ్చి ప్రార్థన చేయించినాడు. ఏండ్లు గడిచి ఊళ్లోకి మొదటి ఇంటర్నెట్ అంగడి వచ్చినాక, దాని ముందర నడిచిపోతా ఉన్న మంత్రసాని టక్కున ఆగిపోయి, "ఓయమ్మో, లోపల మా జీవన్‌గాడు యాడుస్తాండాడే!" అనింది. అంగడాయన బయటికొచ్చి, అది మనిషి కాదవ్వా, మిషన్ అని ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు.

మీరూ నమ్మనక్కర్లేదు. కానీ ప్రొద్దుటూరులో ఏ ఇంట్లో నెట్ పోయినా జమ్మలమడుగులో జీవన్ కుమార్ ఎడమ చెవి దురద పెడతాది. పులివెందులలో పోతే కుడి చెవి. రెండు చెవులూ కలిసి దురద పెడితే క్యాలెండరు చూడాల్సిన పనిలేదు, ఆ రోజు శుక్రవారం.

శుక్రవారానికి ఆ గొప్ప ఎందుకంటే, ఈ మూడు ఊళ్లలో ఏ వీధి తీసుకున్నా కువైట్‌లో ఉండే మనిషి ఒకరుంటారు. కొన్ని వీధుల్లో అయితే ఈడ ఉండేవాళ్లను వెతుక్కోవాల. కారు నడిపేవాళ్లు, వంట చేసేవాళ్లు, అరబ్బుల పిల్లల్ని సాకేవాళ్లు. వాళ్లకు సెలవు శుక్రవారం. ఆ పొద్దు ముఖాలు చూసుకుంటేనే చూసుకున్నట్టు, లేకుంటే మళ్లీ వారానికి. మిగతా రోజుల్లో నెట్ పోతే జనం నాలుగు తిట్టి పడుకుంటారు. శుక్రవారం పోతే మాత్రం జీవన్ కుమార్‌కు ఫోను చేస్తారు. ఆయన పాత బండి మీద, వీపున తీగల సంచి కట్టుకుని, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గాలిలాగా పోతాడు. ఒకసారి ముద్దనూరు కాడ ఎదురొచ్చిన లారీవాడు, బండి కనపడలేదు సంచి ఒక్కటే ఎగిరిపోయింది అని పోలీసోళ్లకు చెప్పినాడంట.

ఆయన భార్య తబితా కూడా కువైట్‌లోనే ఉంది. ఒక పెద్దింట్లో పిల్లల్ని సాకుతుంది. ఇంటికి మిద్దె వేసుకోవాలని పోయింది. మిద్దె లేచింది. మిద్దె కింద ఉండాల్సిన మనిషి మాత్రం ఇంకా రాలేదు. ఊరందరి శుక్రవారాలూ బాగు చేసి ఆయన ఇల్లు చేరేసరికి, ఆడ ఆమె సెలవు అయిపోయి ఉంటుంది. పిల్లలకు అన్నాలు పెడతా, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, "తిన్నావా?" అంటుంది. "తిన్నా" అంటాడు. అంతే.

పోయిన వారం మాత్రం ఇంకో మాట కూడా అనింది.

"ఏమయ్యా, ఇనపడతాందా? నా అకామా అయిపోతాంది." అకామా అంటే ఆ దేశంలో ఉండేదానికి ఇచ్చే అనుమతి. "ఇంకా రెండేండ్లకు వేయిస్తా, సంతకం పెట్టు అంటాది ఇంటామె. వద్దంటే టికెట్ తీసి పంపిస్తాదంట. ఏమి చెప్పమంటావు?"

"ఆ? హలో? కట్ అయితాందే..."

"వచ్చే శుక్రవారం సాయంత్రం లోపల ఆమెకు చెప్పాల. నువ్వు రమ్మంటే వస్తా. ఒక్క మాట చాలు. బాగా ఆలోచన చేసి పెట్టుకో."

ఆలోచన చేసేదేముంది? వారమంతా ఆయన నోట్లో ఉండేది ఆ ఒక్క మాటే. వచ్చెయ్. స్తంభాలెక్కినప్పుడూ అదే, ఒక్కడే సంగటి కెలుక్కునేటప్పుడూ అదే. ఈ శుక్రవారం ఎవరు పిలిచినా పోకూడదు, స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని, మధ్యాహ్నం నుంచే కంప్యూటరు ముందర కూర్చోవాలనుకున్నాడు.

పొద్దున ముఖం కడుక్కోకముందే రెండు చెవులూ దురద పెట్టినాయి.

మొదటి ఫోను ప్రొద్దుటూరు నుంచి ఖాజాబీది. ఆమె కొడుకు అన్సర్ కువైట్‌లో డ్రైవరు.

"అరే జీవన్ బేటా, నెట్ మొత్తానికి పాయ. ఫోన్లో ఒక్క గీత కూడా లేదు."

"డబ్బా మీద దీపాలు వెలుగుతాండాయా బూబమ్మా?"

"దీపాలు నాకు యాడ కనపడతాయి బేటా, అది లోపల ఉంటే?"

ఏ లోపలో అర్థం కాక బండి తీసినాడు. పోయి చూస్తే నెట్ డబ్బా ఇనప బీరువాలో ఉంది. పట్టుచీరల నడుమ, నగల పెట్టె పక్కన, తలుపుకు తాళం. తీగ మాత్రం తలుపు సందులోంచి తోక మాదిరి బయటికి వేలాడుతోంది. ప్రొద్దుటూరంటే బంగారు అంగళ్ల ఊరు. అక్కడ విలువైన వస్తువు ఏదైనా బీరువాలోకి పోవాల్సిందే. వీధిలో ఎవరింట్లోనో దొంగలు పడినారని తెలిసి, ఖాజాబీ ఇంట్లో తనకు అన్నిటికంటే ముఖ్యమైనది ఏదో ఆలోచించి, దాన్ని బీరువాలో పెట్టింది.

"ఇనుములో పెట్టి తాళం వేస్తే నెట్ బయటికెట్లా వస్తాది బూబమ్మా?"

"సందు ఉండాదిగా. గాలి దూరతాది, నెట్ దూరదా?"

"నెట్‌కు గాలి మాదిరి తెలివి లేదు."

డబ్బా తీసి బీరువా నెత్తిన పెట్టినాడు. ఆమె దాని మీద అల్లిక గుడ్డ కప్పింది. వేడెక్కుతుందని ఈయన తీసేసినాడు. ఈయన వెనక్కి తిరగ్గానే ఆమె మళ్లీ కప్పింది. ఆ గుడ్డ సంగతి తేలేలోపల దీపాలు పచ్చగా వెలిగినాయి, ఫోనులో అన్సర్ ముఖం వచ్చింది.

"ఏమన్నా జీవనన్నా, మా అమ్మకు ఫోను చేస్తే ఎప్పుడూ నీ ముఖమే ముందర కనపడతాది. వదిన ఎట్లుంది?"

"నువ్వుండే ఊళ్లోనే కదా ఉండేది. నువ్వే చెప్పాల."

"కువైట్ అంటే ఏమన్నా మన పెన్నేటి గట్టు అనుకుంటివా అన్నా, పొద్దుపోక నడిచిపోయి చూసొచ్చేదానికి?"

నవ్వుకున్నారు. టీ తాగి పో బేటా అని ఖాజాబీ పొయ్యి దిక్కు ఒక అడుగు వేసింది. అంతలో అన్సర్ "అమ్మీ" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి ఫోను రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇంక టీ లేదు, జీవన్ కుమార్ లేడు. ఆయన సంచి సర్దుకున్నదీ, చెప్పులు వేసుకున్నదీ, తలుపు దగ్గరికి వేసి పోయిందీ ఆమెకు తెలియదు. ఆయన వృత్తే అట్లాంటిది. పని బాగా కుదిరిన ఇంట్లో ఆయన ఎవరికీ కనపడడు. వీధిలో నిలబడితే కిటికీలోంచి ఆమె నవ్వు వినపడింది. ఒక నిమిషం విని, బండి తన్నినాడు.

తిన్నగా ఇంటికి పోదామనుకుంటే రెండో చెవి ఒప్పుకోలేదు. పులివెందుల నుంచి లోకేష్.

"మామా, నువ్వు రావాల్సిందే. మా నెట్‌కు ఎవడో చేతబడి చేసినాడు."

పులివెందులలో చీనీకాయల తోటల సంజీవయ్య చనిపోయినాక ఆయన కొడుకులిద్దరూ ఇంటిని పంచుకున్నారు. నడి ఇంట్లో గోడ లేచింది. ఈ పక్క పెద్దోడు లోకేష్, ఆ పక్క చిన్నోడు జయచంద్ర. ఇద్దరికీ మాటల్లేవు. వాళ్లమ్మ ఆదిలక్ష్మమ్మ పొద్దున ఈ పక్క తిని, రాత్రి ఆ పక్క తింటుంది. కూతురు సుమతి కువైట్‌లో నర్సు. ఆమె ఫోను చేస్తే అమ్మ ఏ పక్క ఉంటే ఆ పక్క నెట్ ఉండాల. ఇప్పుడు రెండు పక్కలా లేదు. సరిగ్గా చెప్పాలంటే ఉంది, కానీ వంతులు వేసుకుని పోతోంది. అన్నకు వస్తే తమ్ముడికి పోతాది, తమ్ముడికి వస్తే అన్నకు పోతాది.

"ఎలకలు కొరికినట్టుండాయి మామా."

"ఎలకలు కొరికితే ఒక్కసారిగా పోతాది లోకేషూ. ఇట్లా పంచాయితీ పెట్టి పోదు."

జీవన్ కుమార్ కంప్యూటరు తెరిచి చుట్టుపక్కల వైఫైల పేర్లు చూసినాడు. మొదటిది 'నాయన కట్టిన ఇల్లు'. దాని కింద 'గోడ నేను కట్టినా'. ఆయన చూస్తా ఉండగానే మొదటి పేరు మారి 'గోడ కట్టినోనికి సిగ్గు లేదు' అయింది.

లోకేష్ ఫోను చప్పుడు కాకుండా జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వేనా మార్చింది?"

"వాడు నిన్న ఏమి పెట్టినాడో తెలుసా మామా? ఆడోళ్ల ముందర చెప్పే పేరు కాదు."

"ఇదీ వీళ్ల వరస నాయనా," అనింది ఆదిలక్ష్మమ్మ, గడప మీద కూర్చుని కరివేపాకు దూస్తా. "నోరుండి మాట్లాడుకోరు. పేర్లు మార్చుకుంటారు. మా పక్కింటోళ్లు పొద్దున్నే పేపరు మానేసి వీళ్ల పేర్లు చదువుకుంటాండారు."

జీవన్ కుమార్ ఒక్కొక్క తీగే పెరికి, మళ్లీ పెట్టి చూసుకుంటా పోయినాడు. బయటి తీగ బాగుంది. పెద్ద డబ్బా బాగుంది. దాని వెనకాల నుంచి ఒక నల్ల తీగ గోడ బెజ్జంలోకి పోయింది. అది పెరకగానే లోకేష్ నెట్ నిమ్మళంగా నిలబడింది. గోడ అవతల నుంచి "రేయ్!" అని కేక వచ్చింది.

చేతబడి ఏమీ లేదు. నెట్ డబ్బా ఇంట్లో ఉండే ప్రతి ఫోనుకూ, ప్రతి కంప్యూటరుకూ ఒక నంబరు ఇస్తుంది. బయటి నుంచి వచ్చింది ఎవరికి చేరాలో ఆ నంబరు చూసే తెలుసుకుంటుంది. జయచంద్ర అన్న డబ్బా కింద బతకడం నామోషీ అనుకుని, తనూ ఒక డబ్బా కొనుక్కొచ్చి అదే తీగకు తగిలించినాడు. ఇప్పుడు రెండు డబ్బాలూ నేనే ఇంటి పెద్ద అంటా నంబర్లు పంచుతున్నాయి. అన్న ఫోనుకు పడిన నంబరే తమ్ముడి ఫోనుకూ పడుతోంది. అన్నకు రావాల్సింది తమ్ముడికి, తమ్ముడికి పోవాల్సింది యాడికీ కాకుండా పోతోంది.

"చిన్నోడి డబ్బా నంబర్లు పంచకుండా ఆపితే చాలు. దాని పాస్‌వర్డు కావాల."

"మా అన్న బయటికి పోతే చెప్తా మామా!" అని గోడ అవతల నుంచి.

"నా ఇంట్లోంచి నేను పోవాల్నా? చెవులు మూసుకుంటాలే, చెప్పమను!"

"మూసుకునేది చెవులు కాదని చెప్పు మామా!"

కడాకు ఆదిలక్ష్మమ్మ లేచి, పెద్ద కొడుకు రెండు చెవులూ తానే మూసింది. చిన్నోడు గోడ బెజ్జం కాడ నోరు పెట్టి గుసగుసగా చెప్పినాడు. పాస్‌వర్డు వాళ్లన్న పుట్టినరోజు. జీవన్ కుమార్ అది టైపు చేసి, ఎవరితోనూ అనలేదు.

నెట్ రెండు పక్కలా నిలబడింది. ఆదిలక్ష్మమ్మ చేతులు తుడుచుకుంటా దగ్గరికొచ్చింది.

"బువ్వ తిని పో నాయనా."

"లేదమ్మా, ఈ పొద్దు మా ఆడామె మాట్లాడతాది. ముఖ్యమైన మాట."

"వచ్చేస్తాదా ఏంది?"

"రమ్మని చెప్పాల."

"ఇంకా చెప్పలేదా?" ఆమె ఆయన ముఖం దిక్కు చూసింది. "పోయి శానా ఏండ్లాయ కదా. ఇన్నేండ్లూ ఏమి మాట్లాడుకుంటాంటిరి మీరు?"

జీవన్ కుమార్ నవ్వి సంచి భుజాన వేసుకున్నాడు. ఆ నవ్వు వీధి మలుపు వరకే ఉన్నింది.

దారిలో చెప్పి చూసుకున్నాడు. హెల్మెట్ లోపల, ఎవరూ వినకుండా. "వచ్చెయ్ తబితా." బాగా పలికింది. ఇంకొంచెం గట్టిగా, "మే, వచ్చెయ్. చాల్లే ఇంక." ఇది ఇంకా బాగుంది. శనగ చేల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది. ఆయన గొంతు పెంచి, చెయ్యి ఊపి, మిద్దె కింద చల్లగా ఉంటుందనీ, వంటింట్లోకి కూడా నెట్ లాగినాననీ, రెండో మంచం కొంటాననీ, మొత్తం వరసగా చెప్పినాడు. ముద్దనూరు దాటినాక గొర్ల మంద అడ్డం వచ్చి బండి ఆగింది. మందను తోలే ముసలాయన కట్టె ఆనించుకుని నిలబడినాడు.

"ఎవరితో మాట్లాడతాండావప్పా?"

"మా ఆడామెతో."

"యాడుండాది?"

"కువైట్‌లో."

ముసలాయన హెల్మెట్ దిక్కు ఎగాదిగా చూసినాడు. "ఇనపడతాదా?"

"సాయంత్రం ఇనపడతాది."

ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దుంది. జీవన్ కుమార్ ఇల్లు ఒక గది, ఒక వంటిల్లు. కానీ అంత నెట్ ఈ మూడు ఊళ్లలో ఏ మేడలోనూ ఉండదు. తలుపు కాడ ఒక డబ్బా, వంటింట్లో ఇంకో డబ్బా, గదిలో కెమెరా పెట్టిన పెద్ద కంప్యూటరు. ఫోనులో నీ ముక్కు ఒక్కటే కనపడతాది అని తబితా ఒకసారి అన్నందుకు ఆ కెమెరా. వంటింట్లో డబ్బా ఆమె వచ్చినాక వంట చేస్తా పాటలు వింటుందని. ఆ ఇంట్లో ఒక మూల నుంచి ఇంకో మూలకు సిగ్నల్ ఒక్క గీత తగ్గదు. తగ్గితే అడిగేవాళ్లే లేరు.

ఒంటరిగా ఉన్నప్పుడు ఆయనకొక అలవాటు ఉంది. గదిలో కంప్యూటరు నుంచి వంటింట్లో డబ్బాను పిలుస్తాడు. తీగలు బాగుండాయో లేదో చూసేదానికి ఆ పనివాళ్లందరూ చేసేదే. ఉండావా అని ఇది అడుగుతుంది, ఉండా అని అది బదులిస్తుంది, తెర మీద ఒక వరస పడుతుంది. ఒక్కసారి అడిగితే సరిపోతుంది. ఈయన దాన్ని ఆపడు. ఉండావా, ఉండా. ఉండావా, ఉండా. ఆ వరసలు తెర మీద పైకి పాకతా ఉంటే, చూస్తా అన్నం తింటాడు. ఆ ఇంట్లో పలికితే పలికేది అదొక్కటే.

ఆ పొద్దు తలుపు తీయగానే డబ్బా మీద ఎర్ర దీపం కనపడింది. నెట్ లేదు.

ఫోను తీసి చూస్తే, రోజంతా ఊళ్లు తిరిగి దాని ఛార్జి కూడా అయిపోయింది. దాన్ని ఛార్జింగుకు పెట్టి, నెట్ డబ్బా ఆర్పి వెలిగించినాడు. ఎరుపే. తీగ కొన పెరికి, తుడిచి, మళ్లీ పెట్టినాడు. ఎరుపే. వంటింటి డబ్బాను పిలిచినాడు. ఉండా అనింది. అంటే ఇంట్లో అంతా బాగుంది, తప్పు బయట ఉంది. తీగ పట్టుకుని తలుపు దాటి, సందు దాటి, తలెత్తి చూసుకుంటా పోయినాడు. పక్కింటి జానీబీ మిద్దె కాడ తీగ కనపడలేదు. దాని మీద తడి బొంత ఆరేసి ఉంది. బొంత బరువుకు తీగ గోడ అంచున విరిగినట్టు మడత పడింది.

"జానీబీ! ఇది బట్టలారేసే తీగ కాదమ్మా!"

"దాంట్లో కరెంటు లేదు కదన్నా, అడిగే ఆరేసినా."

"ఎవరినడిగినావు?"

"మా ఆయన్ని."

"కరెంటు లేదు, దాంట్లో వెలుతురు పోతాది. మడత పడితే ఆగిపోతాది."

"వెలుతురా?" జానీబీ బొంత తీసి తీగ మడత దిక్కు కన్ను పెట్టి చూడబోయింది. "నాకేమీ కనపడలేదే. నీ నెట్ మొత్తం ఇంత సన్న తీగలో వస్తాదా? మరి అక్క అంత లావుగా కనపడతాదే!"

తీగను మెల్లగా నిమిరి, వంపు తీసి, గోడకు ఎత్తుగా కట్టినాడు. లోపలికి పరుగెత్తితే దీపం పచ్చగా ఉంది. ముఖం కడుక్కున్నాడు. తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. కూర్చున్నాడు. కంప్యూటరులోనే ఫోను మోగింది.

తబితా ముఖం తెర నిండా వచ్చింది. ఇన్నేండ్లలో బొమ్మ అంత తేటగా ఎప్పుడూ రాలేదు. పాపిట్లో తెల్ల వెంట్రుకలు లెక్క పెట్టొచ్చు. ఆమె వెనక సన్న ఇనప మంచం, గోడకు ఒక శిలువ, ఎక్కడో పిల్లోడి ఏడుపు.

"అబ్బ! ఈ పొద్దు ఎదురుగా కూర్చున్నట్టుండావయ్యా. ఏమి చేసినావు నెట్‌కు?"

"బొంత తీసినా."

ఆమె పకపకా నవ్వింది. బొంత కథ అడిగింది, చెప్పినాడు. ఖాజాబీ బీరువా కథ చెప్పినాడు. చిక్కిపోయినావనింది. నువ్వు కూడా అన్నాడు. అంతలో ఎవరో ఆమెను అరబ్బీలో కేకేసినారు. ఆమె అటు ఏదో పలికి, మళ్లీ ఇటు తిరిగింది. నవ్వు పోయింది.

"ఇంటామె అడుగుతాంది. ఏమి చెప్పమంటావు? రావాల్నా, ఉండాల్నా?"

ఆయన నోరు తెరిచినాడు. మాట నాలుక మీదకు వచ్చింది. వచ్చెయ్ అంటే ఎందుకని అడుగుతుంది. మిద్దె లేచింది, చేతిలో పని ఉంది, రోగం లేదు, నొప్పి లేదు. ఎందుకంటే ఏమి చెప్పాల? రాత్రిపూట వంటింట్లో డబ్బాతో మాట్లాడుకుంటాండా అని చెప్పాల్నా? హెల్మెట్ లోపల అంత తేలికగా పలికిన మాట, ఆమె కళ్ల ముందర రాయి మాదిరి కూర్చుంది.

అప్పుడు ఆయన తనకు బాగా వచ్చిన పని చేసినాడు. కదలడం మానేసినాడు.

నెట్ ఆగితే మనిషి బొమ్మ ఎట్లా నిలబడుతుందో ఆయన కంటే ఎక్కువ చూసినోడు లేడు. నోరు సగం తెరుచుకుని, చెయ్యి సగం లేచి, కన్నురెప్ప వాలక. ఆయన సరిగ్గా అట్లా అయిపోయినాడు. కష్టమైన మాట ఏదైనా ఆమె అడిగినప్పుడు ఇంతకు ముందు కూడా ఒకటి రెండుసార్లు ఇట్లా చేసి తప్పించుకున్నాడు.

"అయ్యా? ఇనపడతాందా?" తబితా ముఖం దగ్గరికి తెచ్చింది. "ఆగిపాయనా బొమ్మ?"

కళ్లు మండినాయి. రెప్ప వేయలేదు.

ఆమె కాసేపు చూసింది. గొంతు తగ్గించి, తనలో తను అనుకున్నట్టు అనింది. "రమ్మనేదానికి నోరు రాకపోతే పోయ, తల ఊపినా వస్తా కదా నేను."

తల ఊపలేదు. ఊపితే ఇంతసేపూ విన్నట్టు తెలిసిపోతుంది. ఒక్క నిమిషం ముందర అయితే ఊపేవాడేమో.

ఆమె చూపు ఆయన ముఖం మీద నుంచి భుజం పైకి, వెనక గోడ దిక్కు పోయింది. అక్కడే నిలబడిపోయింది. వెనకాల ఫ్యాను గాలికి చర్చి క్యాలెండరు టపటపా కొట్టుకుంటోంది.

"క్యాలెండరు ఎగరతాందయ్యా," అనింది.

కోపంగా కాదు. ఏడుపు గొంతు కూడా కాదు. చొక్కా గుండీ ఊడిందని చెప్పినట్టు చెప్పింది. ఆయన ఇంకా అట్లానే ఉన్నాడు. ఇప్పుడు కదిలేదానికి కూడా దారి లేదు.

"సరేలే. నెట్ పోయినట్టుండాది. ఉంటా మరి."

తెర నల్లబడింది. అందులో తెల్ల చొక్కా వేసుకున్న మనిషి ఒకడు, చెయ్యి సగం లేపి, నోరు తెరుచుకుని కనపడినాడు. కాసేపటికి వాడు చెయ్యి దించినాడు. తిరిగి ఫోను చేస్తే మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసినాడు. మోగింది. నెట్‌లో ఎక్కడా వంక లేదు, ప్రతిసారీ చక్కగా మోగింది.

దీపాలు పెట్టే వేళకు ఆమె గొంతు ఒక్కటే రికార్డు చేసి పంపింది. "రెండేండ్లకు సంతకం పెట్టినా. వేళకు తిను." వెనకాల గిన్నెల చప్పుడు.

ఆ తర్వాత సంగతి జమ్మలమడుగులో ఎవర్ని అడిగినా చెప్తారు. ఆ సాయంత్రం జీవన్ కుమార్ వచ్చెయ్ అని గట్టిగా అరిచినాడంట, బొంబాయికీ కువైట్‌కూ నడుమ సముద్రం అడుగున పడుకున్న నెట్ తీగలో ఆ మాట యమా వేగంగా పోతా ఉన్నిందంట. ఆ వేడికి తాళలేక, పెన్నేటి ఇసుక ట్రాక్టరంత ఉండే చేప ఒకటి దాన్ని పటుక్కున కొరికింది. మాట సగం దోవలో నీళ్లలో పడిపోయింది. ఇప్పటికీ ఆడ వల వేసే బెస్తోళ్లకు, నీళ్ల కింద నుంచి ఎవరో కడప యాసలో రమ్మని పిలుస్తాండేది వినపడతాదంట. బస్టాండు కాడ టీ బంకులో ఈ కథ చెప్పినప్పుడల్లా చేప కొంచెం పెరుగుతుంది. వినేవాళ్లు అయ్యో పాపం అని నోరు కొట్టుకుంటారు. నెట్‌ను తిడతారు, చేపను తిడతారు, జీవన్ కుమార్‌కు ఇంకో టీ చెప్తారు.

మొన్న ఆయన ఆ టీ తాగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, తీగల సంచి భుజానికి తగిలించుకుని అన్నాడు:

"చేపా లేదు, ఏమీ లేదప్పా. నెట్ ఆ పొద్దు శానా బాగున్నింది. ఆమె అడిగింది. నేను పలకలేదు."